తండేలు వేసిన వాటా

నా నోటి సంగతి మా ఆసుపత్రిలో అందరికీ తెలుసు. కొత్తగా చేరిన నర్సులకి ముందు ఆక్సిజన్ సిలిండర్లు ఎక్కడున్నాయో చూపిస్తారు, తర్వాత నన్ను చూపిస్తారు. "ఆవిడ దుర్గాభవాని గారు. మందుల కిటికీ. కాస్త చూసుకుని మాట్లాడండి" అని చెబుతారు. చెప్పనివ్వండి, నాకేం? రోజూ విజయనగరంలో పొద్దున్నే రైలెక్కి, సగం దూరం నిలబడి వచ్చి, వచ్చినవాళ్లందరికీ చెప్పిందే చెప్పి గొంతు పోగొట్టుకునేదాన్ని నేను. మా అమ్మ మాత్రం "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందే" అంటూ ఉండేది. ఊరి సంగతి తర్వాత, ముందు మందు వేళకి వేసుకోమను అనేదాన్ని.

ఆసుపత్రి పేరు చెప్పను. శ్రీకాకుళం వైపు ఒక ప్రభుత్వాసుపత్రి అనుకోండి, చాలు. జరిగిన తప్పు ఆసుపత్రిది కాదు.

నా కిటికీలో ఇచ్చేవి హెపటైటిస్ మందులు. అందులో సి రకం ఒకటుంది. ఏళ్ల తరబడి చప్పుడు చెయ్యకుండా లివర్‌ని తినేస్తుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో దానికి ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు ఉండేవి. వారానికొకటి చొప్పున దాదాపు ఏడాది పొడిచేవారు. చలిజ్వరం వచ్చేది, జుట్టు రాలేది, మనిషి మంచానికి అంటుకుపోయేవాడు. అంతా చేసి సగం మందికి తగ్గేది కాదు. ఇప్పుడు ఆ గోల లేదు. రోజుకి ఒకే మాత్ర. అందులో రెండు రకాల మందులుంటాయి. వైరస్ తన నకళ్లు తానే తీసుకుంటూ బతుకుతుంది కదా, సోఫోస్‌బువిర్ ఆ నకలు తీసే పనిని ఆపేస్తుంది. వెల్పటాస్‌విర్ ఆ నకళ్లు కూడి కొత్త వైరస్‌గా తయారవకుండా అడ్డుపడుతుంది. రెండు వైపులా దారి మూసేస్తే అది చచ్చి ఊరుకుంటుంది. పన్నెండు వారాలు, ఎనభై నాలుగు మాత్రలు. నూటికి తొంభై మందికి పైగా పూర్తిగా పోతుంది. షరతు ఒకటే, ఒక్క రోజు కూడా తప్పకూడదు. తప్పితే మిగిలిన వైరస్ ఆ మందుకి అలవాటు పడిపోతుంది. తర్వాత అదే మందు వేస్తే వెక్కిరిస్తుంది.

నెలకొక సీసా ఇస్తాం, ఇరవై ఎనిమిది మాత్రలు. ఖాళీ సీసా తెస్తేనే కొత్త సీసా. ఆ పద్ధతి పెట్టింది నేనే. చాలా గొప్ప పద్ధతి అనుకునేదాన్ని.

కూర్మయ్య ఏప్రిల్ నెలలో వచ్చాడు. సముద్రంలో వేట నిషేధం మొదలైన వారం. రామయ్యవానిపేట నుంచి వచ్చాడు, యాభై దాటిన మనిషి, ఎండకి కాలి చేతులు నల్లగా చెక్కల్లా ఉన్నాయి. వరిబీజం ఆపరేషనుకని వేరే చోటికి వెళ్తే, ముందు చేసిన రక్తపరీక్షలో ఈ సంగతి బయటపడి మా దగ్గరికి పంపారు. పక్కన భార్య గురమ్మ, చేపల తట్టతోనే వచ్చింది. తట్ట బయట పెట్టి రమ్మని అరిచాను. పెట్టి వచ్చింది.

మా డాక్టరు మురళీమోహన్ గారు స్కానింగు చూసి, లివర్ అప్పుడే గట్టిపడిందనీ, అయినా మించిపోయింది లేదనీ, ఇప్పుడు మందు సరిగ్గా పడితే చాలా ఏళ్లు బతుకుతాడనీ చెప్పారు. గురమ్మకి కూడా పరీక్ష చేశాం. ఆమెకి లేదు.

జబ్బు ఎలా వచ్చిందో అడిగి రాసుకోవాలి. అడిగాను.

"పన్నెండేళ్ల కిందట ఏటకెల్లొచ్చినాక మా బోటోళ్లందరికీ జొరాలొచ్చినాయమ్మా. మాం అయిదుగురం. ఊర్లో సూదులేసే ఆయన్ని ఒడ్డుకే పిలిసినాం. ఏసీసినాడు."

"సూది మార్చాడా?"

"నేదమ్మా. ఒకటే. అందరికీ అదే."

"పిలిచిందెవరు?"

"నానే. మా బోటుకి తండేల్ని కదమ్మా."

తండేలంటే పడవకి పెద్ద. ఎప్పుడు బయల్దేరాలో, ఎక్కడ వల వెయ్యాలో, గాలి తిరిగితే ఏం చెయ్యాలో చెప్పేవాడు. వెనక వరసలో ఇరవై మంది ఉన్నారు, ఫ్యాను తిరగడం లేదు, నాకు తల దిమ్మెక్కిపోయి ఉంది. అన్నాను కదా:

"ఒకే సూదితో అయిదుగురూ పొడిపించుకుని ఇంకా అనుమానమేటయ్యా? నీకున్నది ఆ నలుగురికీ ఉన్నట్టే. పిలిచింది నువ్వు, అంటించింది నువ్వు. పెద్దరికం బాగానే చేశావు. వాళ్లని కూడా పరీక్షకి తీసుకురా."

చివరి మాట అనేటప్పటికే నా చెయ్యి తర్వాతి మనిషి చీటీ మీద ఉంది. కూర్మయ్య తలపాగా తీసి, సీసాని అందులో చుట్టుకుని వెళ్లాడు.

ఇరవై ఎనిమిదో రోజున వచ్చాడు. ఖాళీ సీసా లోపలా బయటా కడిగి, మూత బిగించి తెచ్చాడు. ఇంత శుభ్రంగా ఎవరూ తేలేదు. ఆ నలుగురూ ఎందుకు రాలేదని అడిగాను.

"రానంటన్నారమ్మా. సూది వల్లే కదేటి వొచ్చింది, మళ్లీ సూదికి సెయ్యి ఇయ్యమంటన్నారు."

ఆ మాటకి నాకు నవ్వొచ్చింది. మొండి ఘటాలు అన్నాను. కొత్త సీసా ఇచ్చాను. మళ్లీ ఇరవై ఎనిమిదో రోజున, సరిగ్గా అదే రోజున, ఇంకో కడిగిన సీసా. ఈసారి కాగితంలో చుట్టిన ఎండు నెత్తళ్ల చేపలు కూడా తెచ్చాడు. వరసలో ఉన్నవాళ్లందరికీ అతని సీసా ఎత్తి చూపించాను. "చూడండి, సముద్రం మీద బతికే మనిషి. ఒక్క రోజు తప్పలేదు. మీకేం రోగం?" అన్నాను. కూర్మయ్య తల దించుకున్నాడు. మొహమాటపడుతున్నాడనుకున్నాను.

ఒకసారి సీసా అందుకుంటూ కిటికీ దగ్గర ఆగాడు.

"అమ్మా..."

"ఏటి? బేగి చెప్పు, వెనక జనం ఉన్నారు."

"ఏటీ నేదమ్మా" అని వెళ్లిపోయాడు.

జూలైలో మందు పూర్తయింది. మందు ఆపాక మరో పన్నెండు వారాలు ఆగి పరీక్ష చెయ్యాలి. అప్పటికి వైరస్ కనిపించకపోతే జబ్బు పోయినట్టే. అక్టోబరు మొదట్లో రక్తం తీసి పంపాం. రిపోర్టు వచ్చిన రోజున డాక్టరు గారు నన్ను గదిలోకి పిలిచి కాగితం నా ముందు పెట్టారు. వైరస్ అలాగే ఉంది. స్కానింగులో పొట్టలో కొంచెం నీరు కూడా కనిపించింది.

కూర్మయ్యా గురమ్మా అదే గదిలో గోడ వారగా బెంచీ మీద కూర్చుని ఉన్నారు. నేను అలవాటు ప్రకారం విరుచుకుపడ్డాను.

"తాగావా?"

"నేదమ్మా. మందు మొదలెట్టిన కాణ్నుంచి సుక్క ముట్నేదు."

"మానేశావా?"

"ఎందుకు మాన్తానమ్మా? వంతు పెకారం ఏసుకున్నాను."

"వంతేటి?"

అతను చెప్పాడు. దాచాలని లేదు, సిగ్గు లేదు. పొద్దున్న ఏం తిన్నాడో చెప్పినంత మామూలుగా చెప్పాడు. వాళ్ల పడవలో పద్ధతి ఒకటే. దొరికింది ఏదైనా అందరిదీ. పడిన చేప వాటాలేసుకుంటారు. జ్వరంతో ఇంట్లో పడుకున్నవాడి వాటా కూడా వాడింటికి వెళ్తుంది. తండేలు తన వాటా చివర తీసుకుంటాడు. మరి జబ్బు అయిదుగురిదీ అయినప్పుడు, మందు ఒక్కడిది ఎలా అవుతుంది?

"అందుకని వాటా ఏసీసినానమ్మా. మొదటి రోజు గంగులుకి. రెండో రోజు గంగరాజుకి. మూడో రోజు గోవిందుకి. నాలుగో రోజు జగన్నాధానికి. అయిదో రోజు నాకు. తలో పదారు వొచ్చినాయి. నాలుగు మిగిలినాయి. అవి గంగమ్మతల్లి వాటా అనీసి సముద్రంలో ఏసీసినాం."

డాక్టరు గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"నీకెవరు చెప్పారు వాళ్లకి జబ్బుందని?" అన్నాను.

కూర్మయ్య నా వైపు చూశాడు. నేను మరచిపోయానేమో అన్నట్టు, గుర్తుచేస్తే తప్పేమో అన్నట్టు చూశాడు.

"మీరే కదమ్మా" అన్నాడు. "నీకున్నది ఆ నలుగురికీ ఉన్నట్టే అన్నారు. ఆ నాడు మీరు సెప్పకపోతే మాకేటి తెలుస్తాది?"

తిట్టడం లేదు. నిజంగా కృతజ్ఞతతో అంటున్నాడు.

"మరి ఇంకో సీసా అడగొచ్చు కదా?"

"ఓపాలి అడుగుదామనే వొచ్చినానమ్మా. మీరు కేకలేస్తారని ఊరుకున్నాను."

నాకు కోపం రాలేదు. ఏడుపూ రాలేదు. ఏదైనా వస్తుందేమోనని చూశాను కూడా. నీళ్లల్లో ఎక్కువసేపు నానిన చెయ్యిలా, లోపలంతా తిమ్మిరిగా ఉంది. సాయంత్రం రైలెక్కాను, కూర్చోవడానికి చోటు దొరికింది, విజయనగరంలో దిగాను. ఇంటికెళ్లి అన్నం వండాను. అందులో ఉప్పుందో లేదో తెలీలేదు.

ఆ ఆదివారం నేనే రామయ్యవానిపేట వెళ్లాను. డాక్టరు గారిని అడిగి పరీక్ష కిట్లు బ్యాగులో పెట్టుకున్నాను. రెండు బస్సులు మారి, ఆటోలో దిగేసరికి పదిన్నర అయింది. ఒడ్డున వాళ్ల ఫైబరు బోటు నీడలో అయిదుగురూ కూర్చుని చిరిగిన వల బాగుచేసుకుంటున్నారు. గురమ్మ పక్కన ఎండు చేపలు తిరగేస్తోంది.

నలుగురూ నన్ను చూసి లేచిపోబోయారు. నేను అరవలేదు. వేలి మీద గుచ్చే చిన్న లాన్సెట్ తీసి చూపించాను.

"సూది కాదు. చేప ముల్లు గుచ్చుకున్నంతే. రోజుకి ఎన్ని గుచ్చుకుంటాయి మీకు?"

"పదేనా గుచ్చుకుంటాయమ్మా" అన్నాడు గంగులు. అందరికంటే పెద్దవాడు, కూర్మయ్యకి బావమరిది.

"ఇది పదకొండోది అనుకో."

నవ్వాడు. వేలు ఇచ్చాడు. తర్వాత మిగతా ముగ్గురూ ఇచ్చారు. ఒక్కొక్కరికీ కొత్తది విప్పి, వాడినది డబ్బాలో వేశాను. కిట్ల మీద నెత్తురు చుక్క పడ్డాక పావుగంట ఆగాలి. రెండు గీతలొస్తే వైరస్ ఎప్పుడో ఒకప్పుడు ఒంట్లోకి వచ్చినట్టు. మందుతో జబ్బు పోయినా రెండో గీత మాత్రం పోదు, ఆ మనిషితోనే ఉంటుంది. ఒకటే గీత వస్తే అసలు ఎన్నడూ రానట్టు.

బోటు అంచు మీద నాలుగు కిట్లు వరసగా పెట్టి కూర్చున్నాను. అందరూ వాటి మీదే వంగి చూస్తున్నారు. నాలుగింటి మీదా ఒకటే గీత.

"ఒకటే గీత అంటే ఏటమ్మా?" అన్నాడు గంగరాజు.

"జబ్బు లేదు."

అంతే. గంగులు గావుకేక పెట్టాడు. "ఒరే, నేదంటరా! నలుగురికీ నేదు! మా బావ మందు పని సేసీసింది!" అని కూర్మయ్యని రెండు చేతులా పట్టుకుని ఎత్తేశాడు. గోవిందు ఇసకలో కూలబడి దండం పెట్టుకున్నాడు. జగన్నాధం ఊళ్లోకి పరిగెత్తబోయాడు, ఇంట్లో వాళ్లకి చెప్పడానికి. కూర్మయ్య కిందకి దిగి, పొట్ట పట్టుకుని, ఆయాసపడుతూ నవ్వుతున్నాడు. పొట్ట ముందుకంటే పెరిగింది. అతను అలా నవ్వడం నేను అప్పుడే చూశాను.

"పని సేసింది కదమ్మా?" అన్నాడు నన్ను.

అవునంటే సరిపోయేది. ఆ ఒక్క మాటతో ఆ మనిషి ఒడ్డున రాజులా తిరిగేవాడు. కానీ మర్నాడు అతనికి రెండో విడత మందు మొదలుపెట్టాలి. అదే మాత్రకి తోడు రైబావిరిన్ అని ఇంకో మందు, ఇరవై నాలుగు వారాలు. ఇప్పుడు నేను అవునంటే, ఆ సీసాని ఈసారి ఊరంతటికీ వాటా వేస్తాడు. నేను తెలీకుండా అన్న మాట ఒకటి చాలు. తెలిసి ఇంకోటి అనలేను.

"కాదు" అన్నాను. "మందు వల్ల కాదు. వీళ్లకి ఎప్పుడూ జబ్బు లేదు. ఆ సూదితో వచ్చిందో, ఇంకెక్కడైనా అంటిందో, నీ ఒక్కడికే వచ్చింది. వీళ్ల ఒంట్లో మందు పని చెయ్యడానికి అక్కడ ఏమీ లేదు. నువ్వు పంచిన మాత్రలు వృథా అయిపోయాయి కూర్మయ్యా. ఈసారి పంచితే నువ్వు బతకవు."

గంగులు చేతులు కిందకి జారాయి. అరవై నాలుగు మాత్రలు తిన్న నలుగురూ నేల చూపులు చూస్తున్నారు.

"ఎప్పుడూ నేదా?" అన్నాడు కూర్మయ్య.

"లేదు."

"నా వల్ల ఎవులికీ అంటనేదా?"

"లేదు. ఎవరికీ అంటలేదు."

అతను బోటుకి చేరబడి కూర్చున్నాడు. తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకుంటూనే ఉన్నాడు. "పోన్లెండమ్మా, పోన్లెండి" అన్నాడు. "ఆరు నెల్ల కాణ్నుంచి ఈళ్ల పిల్లల మొకం సూడ్నేకపోనాను. ఏ గుంటడు ఎదురొచ్చినా, నీ బాబుని నానే సంపేసినానురా అనిపించీది. ఇయాల సుకంగా అన్నం తింతాను."

ఏడుస్తున్నాడు. సంతోషంతో ఏడుస్తున్నాడు. ఆరు నెలలు. మందు పూర్తిగా తినలేదు సరే, అన్నం కూడా సరిగ్గా తినలేదన్నమాట. నేను ఆ కిటికీలో కూర్చుని, చీటీ మీద చెయ్యి పెట్టి, ఊపిరి తీసుకున్నంత తేలిగ్గా అన్న మాట అది.

తప్పు నాది అనాలి. అక్కడే, అందరి ముందూ అనాలి. నోరు పెగల్లేదు. ఇన్నేళ్లలో నాకు నోరు రాకపోవడం అదే మొదలు. కిట్లు ఏరి డబ్బాలో వేసి మూత పెట్టాను. గురమ్మ ఒక్కతే నవ్వలేదు, ఏడవలేదు. చేపలు తిరగెయ్యడం ఆపి నన్నే చూస్తోంది. ఆమెకి అర్థమైంది.

మర్నాటి నుంచి రెండో విడత మొదలైంది. ఈసారి వాటా వెయ్యలేదు. వేస్తానన్నా నలుగురూ పడనివ్వలేదట. పొద్దున్నే గంగులు వచ్చి ఎదురుగా కూర్చుని, మాత్ర మింగాక నోరు తెరిపించి చూసేవాడట. నవంబరులో ఖాళీ సీసా వచ్చింది, కడిగి. డిసెంబరులో ఇంకోటి వచ్చింది. అప్పటికి కూర్మయ్య గోడ పట్టుకుని నడుస్తున్నాడు, కాళ్లు వాచాయి, కళ్లు పచ్చబడ్డాయి. వైరస్ తగ్గుతోంది. అది పూర్తిగా పోయేదాకా లివర్ మాత్రం ఆగేలా లేదు. డాక్టరు గారు ఆ మాట నాతో ఇంగ్లీషులో అన్నారు. కూర్మయ్య నాతో అన్నది వేరే: "మందు బాగానే ఉన్నాదమ్మా. సంక్రాంతి దాటితే ఏటకెల్తాను."

జనవరిలో సీసా తేవాల్సిన రోజు ఇంకా రాలేదు. మూడు రోజుల ముందే గురమ్మ వచ్చింది, ఒక్కతే. తట్ట తనే బయట పెట్టి వచ్చింది. వరసలో నిలబడింది. తన వంతు వచ్చాక కొంగు ముడి విప్పి సీసా కిటికీ అంచు మీద పెట్టింది. లోపల మాత్రలు గలగలమన్నాయి. ఆ కిటికీలో ఆ చప్పుడు నేను ఇచ్చేటప్పుడు వింటాను. తీసుకునేటప్పుడు ఎప్పుడూ వినలేదు.

"ఎప్పుడు?" అన్నాను.

"పోన మంగలారం. రగతం కక్కుకున్నాడు. ఆటో వొచ్చీలోగానే ఎల్లిపోనాడు."

సీసా మూత తీసి లెక్కపెట్టాను. ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి లెక్కపెట్టాను. పదకొండు ఉన్నాయి. నా కళ్లు పొడిగానే ఉన్నాయి. రిజిస్టరులో అతని పేరు వెతికాను, తేదీ వేశాను, అక్షరాలు కుదురుగానే వచ్చాయి.

"తప్పు నాది గురమ్మా" అన్నాను, తల ఎత్తకుండా. "ఆ రోజు నేను ఆ మాట అనకుండా ఉంటే పంచేవాడు కాదు."

"తెలుసమ్మా" అంది. "మావకీ తెలుసు. మిమ్మల్ని ఏటీ అనొద్దన్నాడు. అందుకే నానేటీ అన్నేదు."

వెనక వరసలో ఎవరో దగ్గారు. గురమ్మ కొంగు దోపుకుని, సీసాని ఒక వేలితో నా వైపు జరిపింది.

"ఇయి ఎవులికేనా ఇచ్చీమన్నాడు. ఒంట్లో ఉన్నాదో నేదో పరీక్ష సేసి మరీ ఇమ్మన్నాడు."

విప్పిన సీసాలో మాత్రలు ఇంకొకరికి ఇవ్వకూడదు. అది రూలు. రోజుకి పదిసార్లు చెప్పే రూలు. ఆమె నా మొహంలోకి చూస్తూ నిలబడింది.

"అలాగే" అన్నాను.